క్రొత్త బేస్‌మెంటు పూతలో పగుళ్లు

గోదావరి యొడ్డున, దుమ్ముగూడెము మండలములో నున్న పర్ణశాల పేరునకే ఆకుల ఇల్లు అని అర్థము. శ్రీరాముడు సీతాలక్ష్మణులతో అరణ్యవాసకాలమున ఇచటనే కుటీరము నిర్మించుకొనెనని జనులు విశ్వసించి యాత్రకు వచ్చుచుందురు. ఆ పేరుగల గ్రామములోను, చుట్టుపట్ల కోయగూడెములలోను నేడు తాటాకు ఇండ్లు, తడికె గోడల ఇండ్లు తగ్గి ఇటుక సిమెంటు ఇండ్లు పెరుగుచున్నవి. 2024 మార్చి 11వ తేదీన భద్రాచలమునందు ప్రారంభింపబడిన ఇందిరమ్మ ఇండ్ల పథకముక్రింద ఒక్కొక్క ఇంటికి 5 లక్షల రూపాయల సహాయము విడతలవారీగా నిర్ణయింపబడినది. మొదటి విడత చేతికందునది బేస్‌మెంటు పూర్తియైన పిమ్మటనే. కావున గ్రామములో అందరి చూపును ముందుగా ఆ బేస్‌మెంటు మీదనే నిలుచును.

నేలమట్టమునుండి ఇంటి గచ్చువరకు లేచిన పీఠభాగమునే మన మేస్త్రీలు బేస్‌మెంటు అనుచున్నారు. దాని వెలుపలి ముఖమునకు సిమెంటు, ఇసుక కలిపి వేయు పూత, అనగా ప్లాస్టరింగు, మూడవనాడో నాలుగవనాడో సాలెగూడువలె సన్నని గీతలు చూపుట పలుచోట్ల జరుగుచున్నది. వెంటనే ఇంటివారు పంచాయతీ సభ్యుని పిలుచుకొని వత్తురు. సిమెంటు కల్తీయని ఒకరు, మేస్త్రి సిమెంటు మిగుల్చుకొన్నాడని ఒకరు, పునాదియే కుంగినదని మరియొకరు చెప్పుదురు. జీవితములో ఒక్కమారు ఇల్లు కట్టుకొను పేద కుటుంబమునకు ఆ గీత ఎంత భయము కలిగించునో సభ్యులకు తెలియనిది కాదు. ఆ భయములో మంచి పూతను పగులగొట్టి మరల వేయించువారు కలరు. నిజముగా పునాది కదలి వచ్చిన పగులునకు పైపైన సిమెంటు పూసి ఊరకుండువారును కలరు. మొదటిది ధననష్టము, రెండవది ఇంటికే చేటు. ఈ రెండింటిని వేరుచేసి చూడవలెనన్నచో పూత స్వభావమును కొంత తెలిసికొనవలెను.

పూత ఇంటిని మోయదు. బరువు మోయునది గోడయు, దాని క్రింది పునాదియు. పూత చర్మమువంటిది. చూరునుండి జారి నేలమీద పడి చిందు వాననీరు, బురద, వరదతేమ ఇటుకకు తగులకుండ కాచుటయే దాని పని. చర్మము గీసుకొన్నంతమాత్రమున ఎముక విరిగినట్లు కాదు. అట్లని ఎముక విరిగినచో చర్మమునకు మందు పూసి లాభము లేదు.

సిమెంటు ఎండి గట్టిపడునని లోకములో ఒక నమ్మకము కలదు. అది సరికాదు. మట్టి ఎండి గట్టిపడును. సిమెంటు నీటిని తనలో కలుపుకొని గట్టిపడును. 50 కిలోల బస్తా సిమెంటు పూర్తిగా పనిచేయుటకు సుమారు 11 లేక 12 లీటర్ల నీటిని శాశ్వతముగా తనలో ఇముడ్చుకొనును. ఈ కలయిక ఒకపూటతో ముగియునది కాదు. మొదటి వారమున వేగముగాను, 28 దినములవరకు క్రమముగాను, అటుపిమ్మట మెల్లగాను సాగుచుండును. ఆ దినములలో నీరందనిచో ఎంత మేలైన సిమెంటైనను ఇసుకను గట్టిగా పట్టియుంచజాలదు. కాంక్రీటు దూలమునకు లోపల కొంత తేమ దాగియుండును. వ్రేలిమందము పూతకు ఆ ఆధారము లేదు. పైగా దాని నీటిని ఇరువైపులనుండి లాగికొనుచుందురు: వెనుకనుండి ఇటుక, ముందునుండి ఎండగాలి.

ఎండిన చెఱువు అడుగున ఒండ్రుమట్టి పెంకులు పెంకులుగా చీలుట మనమందరము చూచినదే. నీరు పోయినకొలది ఏ ముద్దయైనను కుంచించుకొనును. ఆ ముద్ద అరచేతిలో నున్నచో అన్నివైపులనుండి సమముగా కుంచించుకొని చిన్నదగును, చీలదు. కాని పూతను వెనుక గోడ పట్టియుండును. గోడ కుంచించుకొనదు, పూత కుంచించుకొనవలెనని చూచును. లాగుడు పూత బలమును మించిననాడు అది చీలును. క్రొత్తపూతకు తొలిదినములలో బలము స్వల్పము. అందుచేతనే తొలివారములో నీరు పోగొట్టుకొన్న పూత తొందరగా బీటవారును. వేసవిలో భద్రాచలము, కొత్తగూడెము ప్రాంతములలో ఎండ 45 డిగ్రీలకు చేరుట, కొన్ని యేండ్లలో దానిని మించుట కలదు. అట్టి దినమున పడమటి ముఖము మీద మధ్యాహ్నము వేసిన పూత సాయంకాలమునకే తెల్లబారును.

చలిదేశములలో ఇదే పూతకు మరియొక శత్రువు కలదు. కెనడా మొదలగు దేశములలో పునాదిగోడ నేలపై కనబడు భాగమునకు వేయు సిమెంటు పూతను పార్జింగు అందురు. అచటి శీతకాలమున పూతలో ఇంకిన నీరు గడ్డకట్టును. 100 పాళ్ల నీరు మంచుగా మారినప్పుడు సుమారు 109 పాళ్ల చోటు కోరును. ఆ ఒత్తిడికి పూత లోపలినుండి పొరలుగా ఊడిపోవును. కావున అచటి మేస్త్రీలు 5 డిగ్రీలకు దిగువ చలిలో పూతపని చేయరు. చేయక తప్పనిచో కంబళ్లవంటివి కప్పి వెచ్చగా నుంచుదురు. వారు క్రొత్తపూతను చలినుండి కప్పుదురు, మనము ఎండనుండి కప్పవలెను. కప్పక విడిచినచో ఫలము రెండుచోట్లను ఒకటే.

మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు. తడికెగోడకు మెత్తు మట్టిలో గడ్డినో ఊకనో కలిపి, త్రొక్కి, నాననిచ్చి వాడెడివారు. గడ్డిపోచలు మట్టిని నలువైపుల పట్టియుంచును. కుంచించుకొనుట ఆగదు గాని ఒక పెద్ద బీటకు బదులు కంటికానని సన్నని గీతలు నూరు పుట్టును. పేడనీటితో అలికినప్పుడు అవి పూడిపోవును. పండుగ పండుగకు ఇల్లు అలుకుట కేవలము ఆచారము కాదు, అది ఏటేటి మరమ్మతు. సిమెంటు రాకమునుపు కట్టిన గుళ్లకు, కోటలకు గానుగలో ఆడించిన సున్నము వాడిరి. దానిలో కరక్కాయ నానిన నీరు, బెల్లపునీరు కలుపు వాడుకయు దక్షిణదేశమున నుండెను. సున్నము మెల్లగా, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడును. కొంత మెత్తదనము దానిలో నిలిచియుండుటవలన గోడ కొద్దిగా కదలినను ఓర్చుకొనును. సిమెంటునకు ఆ ఓర్పు తక్కువ.

ఇచట ఒక విపరీతమైన సంగతి చెప్పవలసియున్నది. సిమెంటు ఎక్కువైనచో పూత మేలని ఇంటివారు తలంచి, మేస్త్రిని మరియొక తట్ట వేయుమని ఒత్తిడిచేయుదురు. నిజమునకు సిమెంటు పెరిగినకొలది పూత గట్టిపడునుగాని కుంచించుకొనుటయు పెరుగును. సాలెగూడువంటి గీతలు పలుమారులు సిమెంటు తక్కువైనందున కాక, పైపొరలో ఎక్కువైనందున వచ్చునవి. పూత తొందరగా ఆరవలెనని పైన పొడిసిమెంటు చల్లి ఇనుపతాపీతో నునుపుగా రుద్దుట ఇందుకు ముఖ్యకారణము. అట్లు చేసినప్పుడు సిమెంటుపాలంతయు పైకి తేలి, చిక్కని పలుచని పొర ఏర్పడి, క్రింది పొరకంటె వేగముగా కుంచించుకొనును. చూచుటకు అద్దమువలె నుండు పూతను మెచ్చుకొని కూలి ఇచ్చుట మన గ్రామములలో నున్న అలవాటు. వెలుపలి గోడకు చెక్కతో రుద్ది కొంచెము గరుకుగా విడిచిన పూతయే మన్నికయని నా అభిప్రాయము.

బేస్‌మెంటు వెలుపలి పూతకు ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ల ఇసుక సామాన్యమైన కొలత. మంచి సున్నము దొరకుచోట ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నము, ఆరు పాళ్ల ఇసుక కలిపినచో మిశ్రమము నీటిని పట్టియుంచి పగుళ్లు తగ్గును. సున్నపుపని తెలిసిన మేస్త్రి దొరకుటయే నేడు కష్టము. ఇసుక విషయమున మాత్రము గోదావరి చెంత నున్నవారమని నిర్లక్ష్యము కూడదు. ఏటి నడిమి ఇసుక శుభ్రముగా నుండును. ఒడ్డుప్రక్కన, వాగుమలుపులలో తీసినదానిలో ఒండ్రు కలిసియుండును. గాజుసీసాలో సగము ఇసుక, పైన నీరు పోసి, చిటికెడు ఉప్పు వేసి, బాగుగా కుదిపి కొన్ని గంటలు కదలక ఉంచినచో ఒండ్రు పైపొరగా తేరును. ఆ పొర ఇసుక మందములో నూటికి 8 పాళ్లు మించినచో ఆ ఇసుకను కడిగి వాడవలెను. ఈ పరీక్షకు ఖర్చు లేదు. బండి దిగిననాడే చేయవచ్చును.

నీరు కలిపిన మాలును రెండు గంటలలో వాడి ముగింపవలెను. మధ్యాహ్నభోజనమునకు పోయి వచ్చి, బిగిసిన మాలులో మరల నీరుపోసి కలుపుట కనబడినచో సభ్యులు నిస్సంకోచముగా ఆపింపవచ్చును. గోడ సందులు అరంగుళము లోతున గీకి, దుమ్ము కడిగి, ముందునాడు గోడను బాగుగా తడిపి, పూత వేయు వేళకు నీరు కారక తేమ మాత్రము నిలిచియుండునట్లు చూడవలెను. పొడి ఇటుక దప్పిగొన్న పశువువంటిది. పూతలోని నీటినే త్రాగివేయును. కాంక్రీటు పట్టీయు ఇటుకయు కలియు వరుసలో ఆ రెండును వేడికి వేరువేరుగా సాగి ముడుచుకొనునుగాన, అచట కోళ్లగూటికి వాడు సన్నని ఇనుపవలను బిగించి దానిపై పూయవలెను. మందము ఒక్కపూతలో 15 మిల్లీమీటర్లు దాటరాదు. గోడ వంకరను పూతతో సరిచేయబోయి రెండంగుళములు మెత్తుట పగుళ్లను పిలుచుటయే.

ఇక నీళ్లు కొట్టుట. పూత నీటితాకిడికి చెడనంత గట్టిపడిన వెంటనే మొదలుపెట్టి, కనీసము 7 దినములు ఎడతెగక తడిగా నుంచవలెనని ప్రభుత్వ పనుల నియమము. నేడు గ్రామములలో అమ్ముడగు బస్తాలలో పెక్కు పి.పి.సి. అని ముద్రింపబడినవి. అందులో తాపవిద్యుత్కేంద్రముల బూడిద కలిసియుండును. దానిని చూచి కల్తీయని తగవులాడుట కలదు. అది కల్తీ కాదు, ప్రమాణముల ప్రకారము తయారైన సిమెంటే. అయితే అది కొంత మెల్లగా బలపడును గనుక 10 దినములు తడుపుట మేలు.

ఈ నియమము అందరికి తెలిసినదే. నడచుట మాత్రము అరుదు. కారణము బద్ధకమని కొట్టివేయుట న్యాయము కాదు. ఒక లెక్క చూడుడు. 20 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు గల చిన్న ఇంటికి చుట్టుకొలత 84 అడుగులు. బేస్‌మెంటు ఎత్తు 3 అడుగులైనచో పూత వైశాల్యము 252 చదరపుటడుగులు. దీనికి పట్టు సిమెంటు మూడు బస్తాలకు కొంచెము మించును. ఒకమారు తడుపుటకు మూడు బిందెలు చొప్పున, దినమునకు నాలుగుమార్లు, 7 దినములకు 84 బిందెలు. 10 దినములకు 120 బిందెలు. ఏప్రిలు, మే నెలలలో బోరింగు వద్ద వరుసలో నిలిచి ఆ బిందెలు మోయవలసినవారు ఇంటి ఆడువారే. త్రాగునీటికే వెదకు దినములలో గోడకు నీరు పోయుటకు ఎవరికి మనసొప్పును? మూడుమార్లు రెండుమార్లగును, పిదప ఒకమారగును, నాలుగవనాడు ఆగును. అయిదవనాడు గీత కనబడును.

పంచాయతీ సభ్యుడు నిజముగా సహాయపడగల చోటు ఇదియే. పల్లెప్రగతి కార్యక్రమమున గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్యాంకరు సమకూడినవి. 84 బిందెల నీరు సుమారు 1,260 లీటర్లు మాత్రమే. అనగా 3,000 లీటర్ల ట్యాంకరు ఒక్కటి రెండు ఇండ్ల పూతకు సరిపోవును. ఒక వీధిలో నాలుగైదు ఇండ్ల పూతపని ఒకే వారమున జరుగునట్లు చూచినచో ట్యాంకరు రెండు మూడు మార్లు వచ్చిన చాలును. నీరు పట్టియుంచుటకు డ్రమ్ములు ముందే సిద్ధపరుపవలెను. గోడకు తడి గోనెపట్టాలు వ్రేలాడదీసి తాటాకు తడికెలు ఆనించినచో తడుపుట సగమునకు తగ్గును. ఆకుల ఇంటి ఊరిలో సిమెంటు గోడకు ఆకే గొడుగగుట ఒక వింత. తూర్పు ముఖమునకు మధ్యాహ్నానంతరము, పడమటి ముఖమునకు ఉదయము పూత వేసినచో ఎండ దానిపై నేరుగా పడదు. వీలున్నంతవరకు కార్తికమునుండి మాఘమువరకు ఈ పని పెట్టుకొనవలెను. బేస్‌మెంటు లేచిన వెంటనే పూతకు తొందరపడక, గోడలు, పైకప్పు పూర్తియై బరువంతయు పునాదిపై కుదిరిన తరువాత వేయించుట మరింత క్షేమము.

పగులు వచ్చిన పిమ్మట పరీక్ష యెట్లు? గీతలు సాలెగూడువలె, దిక్కులేక, వెండ్రుక మందమున నుండి, నాణెముతో తట్టినప్పుడు గట్టి చప్పుడైనచో అది పైచర్మపు గీత, భయము లేదు. తట్టినప్పుడు డొల్లశబ్దము వచ్చినచో పూత గోడను విడిచినది. అంతవరకు తీసివేయవలసినదే, అయినను ఇంటికి ప్రమాదము కాదు. పగులు ఒకే గీతగా బయలుదేరి బేస్‌మెంటును దాటి పై గోడలోనికి పోవుట, ఇటుక సందులవెంట మెట్లుమెట్లుగా ఎక్కుట, తలుపు కిటికీల మూలలనుండి ఏటవాలుగా సాగుట, గోడకు లోపలివైపునను అదేచోట కనబడుట, పగులునకు ఒకవైపు అంచు రెండవదానికంటె ముందుకు వచ్చుట, తలుపులు మూయుటకు బిగియుట: వీనిలో ఏది యున్నను దోషము పూతలో లేదు, క్రిందనున్నది. నల్లరేగడి నేలలలో ఇది హెచ్చు. ఆ మన్ను వానకు ఉబ్బి ఎండకు ముడుచుకొనునుగాన, వేసవిలో బీటలువారు పొరను దాటి పునాది దిగనిచో ఇల్లు ఏటేట కదలుచుండును. బేస్‌మెంటులో నింపిన మట్టిని ఆరంగుళముల పొరలుగా నీరుపోసి దిమ్మిస చేయకపోవుటయు మరియొక కారణము; మొదటి వానకు ఆ మట్టి కుంగి గచ్చు దిగును, ప్రక్కగోడలు వెలుపలికి త్రోయబడును.

సందేహము తీరనిచో పగులు రెండు కొనలయొద్ద పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వ్రాయవలెను. నడుమ సన్నని గాజుముక్కను రెండంచులకు సిమెంటుతో అతికింపవలెను. నెలదినములలో పగులు గీతను దాటక, గాజు విరుగక యున్నచో అది ఆగిపోయిన పగులు. గాజు విరిగినచో గోడ ఇంకను కదలుచున్నది.

గోదావరి తీరమున మరియొక జాగ్రత్త కలదు. భద్రాచలమువద్ద నదిమట్టము 53 అడుగులైనప్పుడు మూడవ ప్రమాద హెచ్చరిక చేయుదురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 1990 ఆగస్టులో 70.8 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరెను. పర్ణశాలలో వాగు పొంగి సీతమ్మ నారచీరల తావు నీట మునుగుట ఆ ఊరివారికి క్రొత్త కాదు. వరద తీసిన ఇంటి బేస్‌మెంటు పైకి పొడిగా కనబడినను ఇటుక లోపల వారములతరబడి నీటిని పట్టియుండును. ఆ నీరు వెలుపలికి వచ్చుచు ఉప్పును మోసుకొనివచ్చి తెల్లని పిండివలె పూతపై విడుచును. పూత వెనుక చేరిన ఉప్పు దానిని త్రోసివేయును. కావున వరద పోయిన మరువారమే క్రొత్తపూత వేయించుట ధనమును నీటిలో పోయుటయే. ఆ తెల్లనిపిండిని పొడిబ్రష్షుతో దులుపుచు, అది మరల కనబడుట ఆగినవరకు వేచియుండవలెను. ముందుగా చూడవలసినది పూతను కాదు, నేలను: వరద ఒరిపిడికి బేస్‌మెంటు మొదట మన్ను కొట్టుకొనిపోయి పునాది బయటపడినదేమో చూచి, గట్టిమన్నుతో నింపి దిమ్మిస చేయవలెను. చూరునీరు గోడమొదట నిలువకుండ ఇంటిచుట్టు రెండు మూడు అడుగుల వెడల్పున వెలుపలికి వాలుగా గచ్చుపట్టీ వేయించినచో సగము కష్టములు తీరును.

మరమ్మతు విషయము స్వల్పము. వెండ్రుకగీతలను 28 దినములవరకు కదిలింపరాదు. పిమ్మట గోడను తడిపి సిమెంటుపాలో సున్నపుపూతో రెండుమార్లు వేసిన అవి పూడును. డొల్లపడిన భాగమును చతురముగా కోసి తీసి, సందులు గీకి, తడిపి, పాత కొలతతోనే పూసి మరల 7 దినములు తడుపవలెను. గాజు విరిగిన పగులును మాత్రము పూడ్పరాదు. పూడ్చినచో ఇంజనీరునకు కనబడవలసిన సాక్ష్యము మరుగుపడును. గీతల తేదీలను ఒక కాగితముపై వ్రాసి, పంచాయతీ కార్యదర్శి ద్వారా గృహనిర్మాణశాఖ ఇంజనీరును పిలిపించి, ఆయన చూచి చెప్పువరకు ఆ గోడపై క్రొత్త బరువు పెట్టింపక నిలిపియుంచవలెను.